సరిహద్దు జిల్లాల్లో పని గాయాలు, పని జబ్బులు: ఏది లెక్కకెక్కుతుంది, ఏది జారిపోతుంది

సంక్షిప్తంగా: తెలంగాణను ఆనుకుని మహారాష్ట్రలో ఉన్న చంద్రపూర్, గడ్చిరోలి, యవత్మాళ్ జిల్లాల్లో తెలుగు కార్మికులకు, కూలీలకు పనివల్ల జరిగే హానిలో ప్రభుత్వ లెక్కల్లోకి చేరేది ప్రధానంగా పెద్ద గనుల్లో, పెద్ద మిల్లుల్లో ఒక్కసారిగా జరిగే ప్రమాదమే. ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకున్న ధూళి, చేలో ఒంటికి పట్టిన పురుగుమందు, రాష్ట్రం దాటి కైకిలికి (కూలి పనికి) వెళ్లినప్పుడు జరిగిన ప్రమాదం మరో శాఖ పుస్తకంలోకి వెళ్తాయి, లేదా ఏ పుస్తకంలోకీ వెళ్లవు. పరిహారం కూడా ఆ నమోదును బట్టే మారుతుంది.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1952 నాటి గనుల చట్టం వాటిలో కలిసిపోయాయి. అప్పటినుంచి బల్లార్‌పూర్, రాజురా, సిరొంచ ప్రాంతాల్లో ఏ గాయానికి ఎవరు బాధ్యులు, అర్జీ ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. దీనికి జవాబు చట్టం పేరు మారడంలో కొంతే ఉంది. గాయపడిన మనిషి పేరు అంతకుముందు ఏ పుస్తకంలో ఉంది, అసలు ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

ఒకే చుట్టుపక్కల నాలుగు రకాల పని

వార్ధా నదికి ఒక ఒడ్డున బల్లార్‌పూర్, మరో ఒడ్డున రాజురా ఉన్నాయి. బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు, రాజురా వైపు సాస్తి ఓపెన్‌కాస్టు (పైనుంచి తవ్వే) బొగ్గు గని, కోర్పనా తాలూకా గడ్‌చాందూర్‌లో సిమెంటు, వీటి మధ్యలో పత్తి చేలు, పత్తి చేలను నమ్ముకుని, పత్తి నుంచి గింజను వేరుచేసే జిన్నింగ్ మిల్లులు. బొగ్గు గనుల పేరున, మిల్లు పేరున, కాజీపేట రైలు మార్గం పేరున ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి ఇక్కడికి చేరిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. గోదావరి పక్కనున్న సిరొంచ సంగతి వేరు. అక్కడ తెలుగు వలస వచ్చిన భాష కాదు, ఊరి భాషే. అక్కడి పనులు తునికాకు (బీడీ ఆకు), పొలం, ఎదురొడ్డు మీది మిర్చి తోటలు.

ఒకే ఇంట్లో అన్న గనిలో పర్మినెంటు కార్మికుడు, తమ్ముడు అదే గనిలో మట్టి పని చేసే ఠేకేదారు (కాంట్రాక్టరు) దగ్గర డ్రైవరు, వదిన సీజనులో జిన్నింగ్ మిల్లులో, తల్లి చేనులో కైకిలికి వెళ్లడం ఇక్కడ అరుదేమీ కాదు. ఆ నలుగురి పనిలోనూ ప్రమాదం ఉంది. కానీ నలుగురి గాయాలు నాలుగు తీరుల లెక్కకెక్కుతాయి.

గనిలో ప్రమాదం: అన్నిటికంటే పక్కా లెక్క

గనుల ప్రమాదాల లెక్క ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్ చేతిలో ఉంటుంది. పాత గనుల చట్టం ప్రకారం మరణం గానీ తీవ్ర గాయం గానీ జరిగితే నోటీసు పంపాల్సి ఉండేది. గాయంవల్ల 72 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోయినా నమోదు చేయాల్సి ఉండేది. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఈ గీత 48 గంటల దగ్గర ఉండేది. చిన్న తేడాలా కనిపించినా దీని ఫలితం పెద్దది. రెండు రోజులకే మనిషిని మళ్లీ మస్టరుకు పిలిచి, తేలిక పని పేరున కూర్చోబెడితే ఆ గాయం కాగితం మీద లేనట్టే అవుతుంది.

ఓపెన్‌కాస్టులో ప్రమాదం తీరు భూగర్భ గనికి భిన్నం. భూగర్భంలో పైకప్పు కూలడం పెద్ద భయం. ఓపెన్‌కాస్టులో డంపర్ల రాకపోకలు, మట్టి దిబ్బల వాలు జారడం, పేలుళ్ల రాళ్లు ప్రాణం తీస్తాయి. భారీ డంపరు క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు చక్రాల పక్కన, వెనక నిలబడ్డ మనిషి కనిపించడు. రివర్సు చేసేటప్పుడు జరిగే ప్రమాదాలకు మూలం అదే. రాత్రి షిఫ్టులో నిద్రమత్తు, దుమ్ము, వానాకాలంలో జారే రోడ్డు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. బొగ్గు మీదున్న మట్టిని, రాతిని తొలగించే పని, అంటే ఓబీ పని, చాలావరకు ఠేకేదార్ల చేతిలో ఉంది కాబట్టి ఈ ముప్పులో పెద్ద వాటా వారి మనుషులదే.

సరిహద్దుకు ఆవల సింగరేణి, ఈవల వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్. రెండు కంపెనీల్లోనూ పర్మినెంటు కార్మికులకు జాతీయ బొగ్గు వేతన ఒప్పందమే వర్తిస్తుంది. బెల్లంపల్లి కార్మికుడికీ బల్లార్‌పూర్ కార్మికుడికీ హక్కుల్లో తేడా తక్కువే. ఒకే గని గేటు లోపల పర్మినెంటుకూ ఠేకా కార్మికుడికీ ఉన్న దూరం మాత్రం రెండు రాష్ట్రాల మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ.

ధూళి: పదేళ్ల తర్వాత బయటపడే గాయం

అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా పనికి సంబంధించిన కారణాలతో సుమారు 29.3 లక్షల మంది చనిపోయారు. వారిలో దాదాపు 26 లక్షల మంది మరణానికి కారణం జబ్బులు. ప్రమాదాల్లో పోయినవారు సుమారు 3.3 లక్షలు. మన దగ్గర గనుల, ఫ్యాక్టరీల వార్షిక లెక్కలు తెరిస్తే ఈ వరుస తలకిందులుగా కనిపిస్తుంది. ప్రమాదాలు పేజీలకు పేజీలు ఉంటాయి, వృత్తి జబ్బులు కొద్ది పంక్తుల్లో ముగుస్తాయి. ఇక్కడి ధూళి తక్కువ హానికరమని దీనికి అర్థం కాదు. జబ్బు పుట్టే కాలానికీ ఉద్యోగం నడిచే కాలానికీ పొంతన లేకపోవడమే దీనికి కారణం.

కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో చాలావరకు ఆగిపోతుంది. ప్రమాదం కంటికి కనిపించనంత సన్నని ధూళితో. అది ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరి అక్కడే ఉండిపోతుంది. శరీరం దాని చుట్టూ మచ్చ కట్టుకుంటూ పోతుంది. బొగ్గు ధూళివల్ల వచ్చే న్యుమోకోనియోసిస్, రాతి ధూళివల్ల వచ్చే సిలికోసిస్ సాధారణంగా పదేళ్లు దాటాక గానీ ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించవు. గని కార్మికుడికి చేరేముందు ఒకసారి, ఆ తర్వాత ప్రతి 5 ఏళ్లకు ఒకసారి వైద్య పరీక్ష జరగాలన్నది గనుల నిబంధన. పాతికేళ్లు ఒకే కంపెనీలో ఉన్న మనిషి విషయంలో ఈ పరీక్షకు అర్థం ఉంది, ఎందుకంటే పాత ఎక్స్‌రేను కొత్తదాని పక్కన పెట్టి చూడొచ్చు. ఠేకా రెండేళ్లకో మూడేళ్లకో ముగిసి, ఠేకేదారు మారి, మనిషి మరో గనికి వెళ్లిపోతే రెండో ఎక్స్‌రే అన్నదే ఉండదు. పోల్చడానికి ఏమీ లేనప్పుడు జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పడం డాక్టరుకైనా కష్టం.

దీనికి తోడు రాతి ధూళిలోని సిలికా పట్టిన ఊపిరితిత్తులకు క్షయ త్వరగా అంటుకుంటుంది. దగ్గు, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం చూసి క్షయ మందులు మొదలుపెడతారు. అది తప్పేమీ కాదు. క్షయను తప్పనిసరిగా నమోదు చేయాలన్న నియమం 2012 నుంచి ఉంది కాబట్టి ఆ రోగి పేరు క్షయ పుస్తకంలోకి వెళ్తుంది. వెనకున్న ధూళి ఎక్కడా నమోదు కాదు. మందుల కోర్సు పూర్తయ్యాక కూడా ఆయాసం తగ్గకపోతే ఊళ్లో దానికి ‘దమ్ము’ అన్న పేరు మిగులుతుంది.

జిన్నింగ్ మిల్లుల ధూళి మరో రకం. పత్తితో పాటు వచ్చే ఎండిన ఆకుముక్కలు, వాటి మీది సూక్ష్మజీవుల విషపదార్థాలు శ్వాసనాళాలను బిగిస్తాయి. బిస్సినోసిస్ అనే ఈ జబ్బుకు ఒక విచిత్రమైన గుర్తు ఉంది. వారాంతపు సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. తర్వాతి రోజుల్లో కొంత తేలికపడుతుంది. అందుకే వైద్యులు దీన్ని సోమవారం జ్వరమని కూడా అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బిగువు వారమంతా ఉండిపోతుంది. జిన్నింగ్ సీజను శీతాకాలంలో మొదలై ఎండాకాలానికి ముగుస్తుంది. పనివాళ్లలో చాలామంది ఏటేటా మిల్లు మారతారు. మొదట్లోనే పట్టుకోదగిన ఈ జబ్బును పట్టుకునేవారు లేకపోవడానికి కారణం వైద్యం తెలియక కాదు.

సిమెంటులో ఊపిరితిత్తుల కంటే ముందు చర్మం దెబ్బతింటుంది. సిమెంటు క్షారం చెమటతో కలిసి ఒరుస్తుంది, అందులోని క్రోమియం కొందరికి ఎప్పటికీ మానని దురద పుండ్లు తెస్తుంది. కాగితం మిల్లులో హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుది వేరే తంతు. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కదా అని గుంతలోకి దిగిన మనిషి పడిపోతాడు, అతన్ని తీయడానికి దిగిన రెండో మనిషీ పడిపోతాడు.

చేలో మందు: 2017లో బయటపడ్డది

2017 వానాకాలం పంటలో యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది, మృతుల కుటుంబాలకు 2 లక్షల రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. దేశమంతా చర్చ జరిగింది. ఇంత జరిగినా వృత్తి ప్రమాదాల లెక్కల్లో ఇది కనిపించదు, ఎందుకంటే చేను ఫ్యాక్టరీ కాదు, గని కాదు.

కారణాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి. బీటీ పత్తి మీద గులాబీ రంగు పురుగుకు నిరోధం పెరగడంతో మందు కొట్టే విడతలు పెరిగాయి. ఆ ఏడాది చెట్లు మనిషి ఎత్తుకు పెరిగాయి. మోకాలి ఎత్తు పంటకు మందు కొట్టడం వేరు, ముఖం ఎత్తున ఉన్న కొమ్మల మధ్య నడుస్తూ కొట్టడం వేరు. రెండో దానిలో ప్రతి అడుగుకూ తడి ఆకులు ముఖానికి, మెడకు, చేతులకు రాసుకుంటాయి. సన్నని తుంపర వదిలే కొత్త పంపులతో పని త్వరగా అయింది, గాలిలో మందు ఎక్కువసేపు తేలింది. రెండు మూడు మందులు కలిపి కొట్టడం అప్పటికే అలవాటు.

పనిని దగ్గర నుంచి చూస్తే ముప్పు ఎక్కడెక్కడ ఉందో తెలుస్తుంది. వీపున పంపు, పాత పంపైతే మూత దగ్గర కారుతూ చొక్కా వీపు తడిసి ఉంటుంది. మందు కొలత సీసా మూతతోనే. నాజిల్ అడ్డుపడితే విప్పి నోటితో ఊదుతారు. కడుక్కోవడానికి చేలో నీళ్లు ఉండవు కాబట్టి ఆ చేతులతోనే తంబాకు నలిపి నోట్లో వేసుకుంటారు. మధ్యాహ్నపు ఎండలో ప్లాస్టిక్ కోటు, మాస్కు, కళ్లద్దాలు వేసుకుని గంట నిలవడం సాధ్యం కాదు. కూలీలు జాగ్రత్తలు పాటించరన్న మాట ఈ చర్చలో తరచూ వినిపిస్తుంది. సెప్టెంబరు ఉక్కలో ఆ తొడుగులు వేసుకుని చూడని వారి నోటినుంచే అది ఎక్కువగా వస్తుందన్నది గమనించదగ్గ విషయం.

ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల సంకేతాలను ఆపే కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. సంకేతం ఆగక కంటిపాప చిన్నదవుతుంది, చొంగ కారుతుంది, చెమట పడుతుంది, కండరాలు అదురుతాయి, చివరకు శ్వాస ఆగుతుంది. సమయానికి అట్రోపిన్ అనే విరుగుడు పడితే చాలామంది బతుకుతారు. మందు డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అత్యంత విషపూరితమని గుర్తు. ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు ఆ డబ్బాను వెంట తీసుకెళ్తే వైద్యుడికి సగం పని తగ్గుతుంది.

చట్టం ఇక్కడ పూర్తిగా మూగబోయిందని అనుకోకూడదు. 1923 నాటి చట్టం రెండో షెడ్యూలులో పంటలకు పురుగుమందు చల్లే పని కూడా ఉంది. అంటే మందు కొట్టే కూలీ చట్టం దృష్టిలో పరిహారానికి అర్హుడే. చిక్కు రెండు చోట్ల ఉంది. ఫాస్ఫరస్ సమ్మేళనాలవల్ల వచ్చే వృత్తి జబ్బును నిరూపించాలంటే ఒకే యజమాని దగ్గర కనీసం 6 నెలలు ఏకధాటిగా పనిచేసి ఉండాలి. మందు కొట్టే మనిషి వారంలో ఐదుగురి చేలల్లో తిరుగుతాడు. హఠాత్తుగా విషం ఎక్కిన సందర్భాన్ని ప్రమాదంగా చూపించవచ్చు, అప్పుడు పరిహారం చెల్లించాల్సింది ఆ రోజు పిలిచిన రైతు. ఆయనకు ఉన్నది నాలుగెకరాలు, వాటి మీద అప్పు. కేసు వేయాలంటే పొరుగువాడి మీదే వేయాలి.

భూమి పట్టా ఉంటే దారి వేరుగా ఉంటుంది. తెలంగాణలో 2018 నుంచి నడుస్తున్న రైతు బీమా, 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా 5 లక్షల రూపాయలు ఇస్తుంది. మహారాష్ట్రలో గోపీనాథ్ ముండే పేరున ఉన్న రైతు ప్రమాద పథకం ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తుంది. రెండూ రైతుకు, రైతు కుటుంబానికి. భూమి లేని కూలీకి రెండు ఒడ్డుల్లోనూ చోటు లేదు.

అడవి, మిర్చి తోట, దారి

ఎండాకాలంలో తునికాకు కోత తెల్లవారకముందే మొదలవుతుంది. వంగి ఆకు కోసే మనిషి ఆకారం నాలుగు కాళ్ల జంతువులా కనిపించడం పులి దాడులకు ఒక కారణమని చెబుతారు. 2025 మే నెలలో చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో తునికాకుకు వెళ్లిన ముగ్గురు మహిళలు ఒకే రోజు పులి దాడిలో చనిపోయారు. మహారాష్ట్ర అటవీ శాఖ ఇలాంటి మరణానికి 25 లక్షల రూపాయలు ఇస్తుంది. పని చేస్తూ చనిపోయినా, ఈ మరణం వన్యప్రాణి ఘటనల పుస్తకంలోకే వెళ్తుంది. పరిహారం మాత్రం కార్మిక చట్టం ఇచ్చే దానికంటే ఎక్కువ, త్వరగా అందేది కూడా అదే.

అంతకు కొంచెం ముందు, మిర్చి కోతల సీజనులో గడ్చిరోలి, చంద్రపూర్ నుంచి ముఠాలు ఖమ్మం, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం వైపు వెళ్తాయి. మిర్చి ఘాటు కళ్లను, గొంతును, గోళ్ల సందులను మండిస్తుంది. అంతకంటే పెద్ద ముప్పు దారిలోనే ఉంది. ట్రాలీల్లో, వ్యాన్లలో సామాన్లతో పాటు మనుషుల్ని కుక్కి తీసుకెళ్తారు. బండి తిరగబడితే అది పోలీసు పుస్తకంలో రోడ్డు ప్రమాదం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 167 ప్రకారం అటువంటి బాధితులు ఆ చట్టం కింద గానీ నష్టపరిహార చట్టం కింద గానీ, ఏదో ఒకదానిలోనే దావా వేయాలి. మొదట ఎంచుకున్న దారే చివరి దాకా అవుతుంది కాబట్టి, ముఠా మేస్త్రి మాట మీద తొందరపడి సంతకం పెట్టడానికి ముందే ఇది తెలిసి ఉండాలి.

వడదెబ్బ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, ఎందుకంటే దానికి ఏ పుస్తకంలోనూ సరైన గడి లేదు. వేసవిలో 47, 48 డిగ్రీల దాకా వెళ్లే చంద్రపూర్‌లో ఇటుక బట్టీ దగ్గరో రోడ్డు పని దగ్గరో కుప్పకూలిన మనిషి మరణం చాలాసార్లు సహజ మరణంగానే ముగుస్తుంది.

వేలి ఖరీదు

పరిహారం ఎలా కడతారో ఒక లెక్కతో చూడవచ్చు. పాత చట్టంలో 2020 నుంచి నెల జీతం ఎంత ఉన్నా 15,000 రూపాయలనే గరిష్ఠంగా తీసుకుంటారు. మరణానికి జీతంలో సగాన్ని, శాశ్వత పూర్తి వైకల్యానికి 60 శాతాన్ని, వయసును బట్టి నిర్ణయించిన ఒక గుణకంతో హెచ్చిస్తారు. 40 ఏళ్ల మనిషికి ఆ గుణకం 184.17. జీతం 15,000 అయితే మరణ పరిహారం 13,81,275 రూపాయలు. అదే వయసు కూలీ రోజుకు 300 చొప్పున నెలకు 26 రోజులు పనిచేస్తాడని ఒప్పించగలిగితే 7,18,263 రూపాయలు. ఒప్పించాల్సింది ఎక్కడంటే, జీతం చీటీ లేని చోట.

కాగితం చుట్టే రోలర్ల మధ్య 30 ఏళ్ల కార్మికుడి చూపుడు వేలు పూర్తిగా పోయిందనుకుందాం. షెడ్యూలు ప్రకారం అది 14 శాతం నష్టం, ఏ చేతి వేలైనా సరే. జీతం 15,000, గుణకం 207.98 కాబట్టి పూర్తి వైకల్యానికి వచ్చేది 18,71,820 రూపాయలు, అందులో 14 శాతం సుమారు 2,62,055. బొటనవేలైతే 30 శాతం. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) వర్తించే మిల్లులో అయితే దారి మారుతుంది. నెల జీతం 21,000 లోపు ఉన్నవారికి పనికి పోలేని కాలానికి జీతంలో 90 శాతం, శాశ్వత నష్టానికి నెలనెలా భత్యం ఈఎస్ఐ నుంచే వస్తాయి, యజమాని మీద విడిగా నష్టపరిహార దావా ఉండదు.

కోడ్‌లతో మారేది

40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్న నిబంధన ధూళి జబ్బుల విషయంలో నిజంగా విలువైనది, ఆ పరీక్షలో ఎక్స్‌రే, ఊపిరి సామర్థ్య పరీక్ష ఉండి, ఫలితం కాగితం కార్మికుడి చేతికి వస్తేనే. ఇంటినుంచి పనికి వెళ్లివచ్చే దారిలో జరిగే ప్రమాదాన్ని కూడా పనికి ముడిపెట్టి చూసే వీలు వచ్చింది. మేస్త్రి తీసుకెళ్లకుండా సొంతంగా రాష్ట్రం దాటి వెళ్లిన కార్మికుడినీ అంతర్రాష్ట్ర వలస కార్మికుడి నిర్వచనంలోకి తెచ్చారు. మరోవైపు ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి విద్యుత్తు వాడే చోట 20 మంది, వాడని చోట 40 మంది ఉండాలి. ఠేకా కార్మికుల నిబంధనలు 50 మంది ఉన్న చోటే వర్తిస్తాయి, ఇంతకుముందు ఇది 20. చిన్న జిన్నింగ్ యూనిట్లు, రంపపు మిల్లులు, చిన్న ఠేకేదార్లు ఈ గీతల కిందికి జారే అవకాశం ఉంది. ముప్పు ఎక్కువగా ఉండేది, అడిగేవారు తక్కువగా ఉండేది అక్కడే.

సరిహద్దు వాసులకు ఎక్కువ ఉపయోగపడేది కొత్తదేమీ కాదు. పాత చట్టం సెక్షన్ 21 ప్రకారం దావాను ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బాధితుడు లేదా అతని కుటుంబం నివసించే ప్రాంతపు నష్టపరిహార కమిషనరు ముందు, లేదా యజమాని రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న చోట వేయవచ్చు. సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ ఏర్పాటు కొనసాగింది. ఖమ్మం జిల్లా తోటలో గాయపడ్డ సిరొంచ కూలీ వాయిదా వాయిదాకూ నది దాటనక్కర్లేదు.

దావాకు కావలసిన మొదటి ఆధారం మాత్రం నది అవతలే, గాయపడిన రోజు చేర్చిన దవాఖానలోనే తయారవుతుంది. కేసు షీటులో వృత్తి అన్న గడిలో సాధారణంగా ‘కూలీ’ అన్న ఒక్క మాట రాస్తారు. ఎవరి తోటలో, ఏ పని చేస్తూ, ఎన్ని గంటలకు, ఏ మందు తగిలి అన్నది అక్కడే రెండు పంక్తులు రాయించుకుంటే, ఆరు నెలల తర్వాత గడ్చిరోలిలో కూర్చున్న అధికారి ముందు ఆ రెండు పంక్తులే మాట్లాడతాయి.